రేల చిగురు, సీతాకోక, తొలకరి

1876-78 కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఆ తరువాత వాతావరణ శాఖ అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద పడిన మంచును చూసి రుతుపవనాలను అంచనా వేసే పద్ధతి తయారుచేశాడు. 1886 నుంచి ప్రభుత్వం ఏటా ఆ అంచనాలు ప్రకటించసాగింది. దానికి నాలుగేళ్ళ ముందు, 1882లో, అదే ప్రభుత్వం మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. మన పెద్దలు చెట్టునూ పురుగునూ చూసి వానను గుర్తుపట్టే అడవి రిజర్వు గీతల లోపలికి పోవడం మొదలైంది. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండూ ఒకచోట కనబడవు. మనం మాత్రం కలిపి చదవాలి.

పోడు చేసేవాళ్ళకు వానరాక తెలియడం తిండికి సంబంధించిన విషయం. నరికిన కొమ్మలు ఎండాలి, వాటిని కాల్చాలి, ఆ బూడిద మీద తొలకరి పడాలి. మరీ ముందు కాలిస్తే బూడిద గాలికి పోతుంది. ఆలస్యమైతే కట్టె తడిసి సగమే కాలుతుంది. ఆ ఏడు సామలూ జొన్నలూ తగ్గినట్టే.

అందుకే పెద్దల చూపు చిన్న చిన్న వాటి మీద ఉండేది. గోదావరి ఏజెన్సీలో ఎండలు ముదిరే వేళ రేల పూస్తుంది. కోయ పాటల్లో మోగే రేల అనే మాటే ఈ చెట్టు పేరు కూడా. పూతతోపాటు లేత ఆకు వస్తుంది. లేత పసుపు, తెలుపు కలిసిన ఒక సీతాకోక ఆ ఆకు మీద, మోదుగ ఆకు మీద గుడ్లు పెడుతుంది. పుస్తకాల్లో దాని పేరు కామన్ ఎమిగ్రెంట్, అంటే వలసపోయేది. గుడ్డు గొంగళిపురుగై, గూడు కట్టి, రెక్కలతో బయటికి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పుడు వాగుల్లో తడి మిగిలిన ఇసుక మీద గుంపులుగా వాలి ఉప్పదనం పీలుస్తాయి. (అవి వాలిన చోట చెలమ తవ్వితే నీరు దొరికే ఆశ ఉంటుంది.)

ఇక్కడొక మెలిక ఉంది. సీతాకోకలు ఎక్కువగా కనబడితే వానలు బాగా పడతాయని కొందరు తేలిగ్గా అనేస్తారు. నిజానికి ఈ గుంపు నెల కిందటి చిగురుకు సాక్ష్యం, రాబోయే నాలుగు నెలలకు హామీ కాదు. పెద్దలు ఒక్క సీతాకోకనే నమ్ముకోలేదు. రేల పూత, చిగురు, గొంగళి, సీతాకోక, గుడ్లు మోసుకుపోయే చీమలు, తొలకరి పడ్డాక నేల మీదికొచ్చే ఎర్రని ఆరుద్ర పురుగు. ఈ వరుసలో ఏది ముందొచ్చింది, ఏది ఆలస్యమైంది అన్నదే వాళ్ళ లెక్క. దాన్ని మూఢనమ్మకం అనడం అన్యాయం. దాన్ని వేదవాక్కు చేయడమూ సరికాదు.

సీతాకోకలకూ రుతుపవనాలకూ సంబంధం ఉందని ఇప్పుడు శాస్త్రవేత్తలూ రాస్తున్నారు. పడమటి కనుమల్లో నల్లని, నీలిచారల సీతాకోకలు భారీ వానలకు ముందు తూర్పు మైదానాల వైపు వలస పోతాయని కృష్ణమేఘ్ కుంటే 2005లో వివరించాడు.

మన వరుస మాత్రం ఎవరి నోటుపుస్తకంలోకీ ఎక్కలేదు. అడవి మూసుకుపోయినచోట చూసే కళ్ళు తగ్గాయి. ఇక బడి సంగతి. రేల పూసి, చిగురించి, సీతాకోకలు లేచి, మొదటి జల్లు పడే ఆ రోజులన్నీ ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవుల్లోనే గడిచిపోతాయి.