యకీన్ నుంచి యకీనన్ దాకా

పోయిన రంజాన్‌లో సున్నిపెంటకు, మా భాయిజాన్ ఇంటికి పోయినాను. శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు వెలసిన కాలనీ అది. ఇఫ్తార్ అయినాక అన్న కూతురు నోట్‌బుక్ తెచ్చి ముందర పెట్టింది. నాలుగు గడులు: నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్. వంట చేసే మనిషి అనే చోట "కుకర్" అని రాసింది.

"టీచ్ చేసేవాడు టీచర్ అయితే, కుక్ చేసేవాడు కుకర్ ఎందుకు కాడు చాచా?"

సవాల్ సహీ. కానీ వెంటనే ఇంకో మాట అంది: "ఉర్దూ మీడియం వల్లే నాకు ఇంగ్లీషు రావడం లేదు. అబ్బాకు చెప్పి మార్పించు." నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నేనూ ఉర్దూ బడిలోనే చదివినవాణ్ణి. అక్కడ మాతో ఈ గడులే బట్టీ కొట్టించినారు, ఒక మాటకూ ఇంకో మాటకూ ఏం రిష్తా ఉందో చెప్పలేదు. తర్వాత తెలుగు డిగ్రీలో "దాఖలు" అని రాస్తే ఒక సారు ఎర్రసిరాతో కొట్టేసినాడు, అన్యదేశ్యమట.

ఈ ఇలాకాలో మాటల కోసం తంటాలు పడిన పరాయివాళ్లు చాలామందే ఉన్నారు. 1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చినాడు. కొండ అప్పుడు కర్నూలు నవాబుల కింద ఉండేది. ఆయన రాసిన వర్ణన ఆ తర్వాత అచ్చయింది, అందులో క్షేత్రం పేరు "పెర్వత్తం". మన జనం పర్వతం అన్న మాటే దొర చెవిలో అట్లా తిరిగింది.

అసలు కథ బ్రౌన్‌ది. 1820లో కడపకు కొలువుకు వచ్చినాడు, మరుసటేడు అక్కడ ఉచిత బడులు పెట్టినాడు. ఫార్సీ, హిందుస్తానీ తెలిసినవాడు. కంపెనీ కచేరీల్లో ఫార్సీ స్థానాన్ని 1837లో తీసేసినారు, 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ గద్దె పోయింది. గద్దె పోయినా మాటలు పోలేదు. రైతు అర్జీలో, తహసీల్దారు జవాబులో అవే. బ్రౌన్ వాటిని ఎర్రసిరాతో కొట్టెయ్యలేదు. 1852లో కచేరీ మాటలకు జిల్లా నిఘంటువు వేసినాడు, 1854లో తెలుగులో కలిసిన పరాయి మాటలకు ఏకంగా మిశ్రభాషా నిఘంటువే వేసినాడు. ఇంగ్లీషు, తెలుగు పలుకుబళ్ల అభ్యాసాలతో "వాక్యావళి" కూడా ఆయనదే, అదీ 1852లోనే.

బచ్చీకి ఇదంతా చెప్పలేదు. కాగితం మీద హ-క-మ అని మూడు హర్ఫులు రాసినాను. హుకుం, హాకిం, హుకూమత్, మహకమా. "ఇవన్నీ ఒకే ఖాందాన్. అరబ్బీ మాట లోపల మారుతుంది, ఇంగ్లీషు మాట తోక దగ్గర మారుతుంది. డిసైడ్, డెసిషన్, డెసిసివ్ చూడు." తెలుగు మాటకేమో మొదలు కదలదు, పక్కన చేయు, అగు వచ్చి చేరతాయి. దాఖలు చేయడం, హాజరవడం అట్లాంటివే. మా పత్రికల్లో రోజూ "నామినేషన్ దాఖలు", "దాఖలాలు లేవు" అని రాస్తాం. రెండూ సగం అన్నదమ్ములని ఎవరూ గమనించరు.

ఆ పిల్ల హుషారు. "అయితే వసూలు, మహసూలు కూడా ఒకే ఇల్లా?" అంది. కాదు. నేనూ చానాళ్లు అట్లే అనుకున్నాను. మహసూలు చుట్టాలు హాసిల్, తహసీల్. వసూలు వేరే ఖాందాన్. "కుకర్ కూడా ఇంతే బేటా. టీచర్‌కు తోక కలిసింది, కుక్ మాత్రం తోక లేకుండానే పనీ, మనిషీ రెండూ అయిపోయింది. కుకర్‌ను గిన్నె తీసేసుకుంది." ఖాయిదా ఉంటుంది, ఖాయిదా తప్పిన మాటలూ ఉంటాయి, వాటిని మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే.

అడ్వెర్బ్ గడి ఖాళీగానే ఉంది. "ఫౌరన్ అంటావు కదా, అందులో చివర ఏముంది?"

"అన్."

"తెలుగులో?"

"వెంటనే... కాదు, గా. నిజంగా, నిదానంగా."

"ఇంగ్లీషులో?"

కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుంది. తర్వాత సర్టెన్ పక్కన "సర్టెన్లీ" అని రాసి, దాని కింద ఉర్దూలో "యకీనన్" అని రాసుకుంది. మీడియం సంగతి ఆ రాత్రి మళ్లీ ఎత్తలేదు. సహరీకి లేచేసరికి ఇంకో పేజీలో ఇల్మ్, ఆలిం, తాలీం, మాలూం అని నాలుగు మాటలు, వాటి పక్కన నాలుగు ఖాళీ గడులు కనిపించినాయి.