వేడిగాలికి వేగాల మెట్లు

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో అమెరికా మోటారు కార్లు చాలావరకు పక్కలు మూయని, గుడ్డ కప్పు వేసిన బళ్ళు కావడం వల్ల, చలికాలంలో వాటిలో తిరిగేవారు గుర్రపు బగ్గీల నాటి ఉపాయాలనే కొనసాగించారు. ఒళ్ళో ఉన్ని దుప్పటి, పాదాల కింద రాజేసిన బొగ్గు ఉంచిన రేకు పెట్టె ఆనాటి సాధనాలు. తలుపులూ అద్దాలూ గల మూత కార్లు 1920లలో వ్యాపించాక గాని లోపలి గాలిని వేడిచేయడంలో ప్రయోజనం కనిపించలేదు. తొలి హీటర్లలో అనేకం ఇంజను పొగ వెళ్ళే ఎగ్జాస్ట్ గొట్టానికి రేకు తొడుగు వేసి, ఆ సందులో కాగిన గాలిని లోపలికి మళ్ళించేవి. గొట్టానికి చిల్లు పడితే ఆ గాలితోపాటే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ కూడా కారులోకి చేరేది.

1930లలో ఈ పద్ధతిని వేడినీటి హీటరు క్రమంగా వెనక్కు నెట్టింది. ఇంజనును చల్లబరిచి వేడెక్కిన నీటిని డాష్‌బోర్డు కింది చిన్న రేడియేటరులోకి, అంటే హీటర్ కోర్‌లోకి పంపితే, దాని రెక్కల నడుమనుంచి గాలిని తోయడానికి ఒక ఫ్యాను కావలసివచ్చింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కెడిలాక్ కార్లలోకి వచ్చిన నాటినుంచి బ్యాటరీ, జనరేటరు కారులో స్థిరపడుతూ వచ్చినందున ఆ ఫ్యానుకు విద్యుత్తు సిద్ధంగానే ఉంది. నాష్ కార్ల సంస్థ 1938 నమూనాలతో తెచ్చిన, తరువాత ‘వెదర్ ఐ’గా పేరొందిన అమరిక ఇంకొక అడుగు వేసి, బయటి గాలినే వడపోసి, వేడిచేసి, లోపలికి తోసింది.

ఫ్యాను వచ్చాక దాని వేగాన్ని తగ్గించే ఉపాయమూ కావలసివచ్చింది. కారు బ్యాటరీ ఓల్టేజి దాదాపు స్థిరం కనుక, మోటారుకు వెళ్ళే దారిలో నిరోధక తీగచుట్టలు అమర్చి, కొంత ఓల్టేజిని అక్కడే ఖర్చుచేయించడం అతిచౌకైన మార్గమైంది. ఈ తీగచుట్టల పలకనే బ్లోయర్ రెసిస్టర్ అంటారు. స్విచ్చి ఒకటో మెట్టు మీద ఉంటే విద్యుత్తు చుట్టలన్నిటినీ దాటాలి. మెట్టు పెరిగినకొద్దీ దారిలోని చుట్టలు తగ్గుతాయి. చివరి మెట్టులో విద్యుత్తు రెసిస్టర్‌ను తప్పించుకొని నేరుగా మోటారుకు చేరుతుంది. చుట్టలలో పుట్టే వేడిని తొలగించడానికి వాటిని ఫ్యాను గాలి వెళ్ళే మార్గంలోనే బిగించారు. ఇది విద్యుత్తును వృథాచేసే పద్ధతే అయినా, చలికాలంలో ఆ వృథా కూడా వెచ్చదనంగా ప్రయాణికులకే చేరడం వల్ల హీటరు విషయంలో దానిని తప్పుపట్టడం కష్టం.

మరమ్మతు విద్యకు ఆధారమైన ఆనవాలు ఈ నిర్మాణంలోనే ఉంది. చిన్న మెట్లలో ఫ్యాను కదలక, చివరి మెట్టులో మాత్రమే హోరున తిరిగితే మోటారు బాగున్నట్టూ, రెసిస్టర్ తెగినట్టూ భావించవచ్చు. పలకమీద ఉండే, మితిమీరిన వేడికి కరిగి వలయాన్ని తెంచే థర్మల్ ఫ్యూజు చాలాసార్లు ఇందుకు కారణం. గ్లవ్ బాక్సు విప్పి, రెండు స్క్రూలు తీసి, పలకను బయటికి లాగితే పని సగం అయినట్టే కాని, కనెక్టరు ప్లాస్టిక్కు గోధుమరంగుకు మాడి, లోపలి రేకు వదులైనట్టు కనిపిస్తే దానినీ మార్చాలి. బేరింగులు అరిగిన మోటారు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. ఎండుటాకులు గాలి మార్గాన్ని మూసేస్తే చుట్టలు చల్లబడవు. వీటిని పట్టించుకోకుండా పలకను మాత్రమే మారిస్తే కొత్తదీ త్వరలోనే మాడుతుంది.

హీటరునూ శీతల యంత్రాన్నీ ముందుభాగంలో ఒకే అమరికగా కూర్చిన నాష్ కార్లు 1954లో వచ్చాయి. ఆ తరహా కూర్పు తరువాత సాధారణమై, ఒకే ఫ్యాను, అంటే బ్లోయర్, రెండు పనులకూ ఉపయోగపడడం వల్ల, హీటరు మీటను ఏడాది పొడవునా తాకని తెలుగు ప్రాంతాల కార్లలోనూ ఈ పలక చేరింది. “ఏసీ ఫ్యాను నాలుగులోనే తిరుగుతోంది” అని ఇక్కడి డ్రైవరు మెకానిక్కుకు చెప్పే లోపం ఆ చలిదేశపు హీటరు లోపమే. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో తీగచుట్టల స్థానాన్ని చాలావరకు ట్రాన్సిస్టర్ ఆక్రమించింది. అదీ వేడెక్కేదే కనుక, అల్యూమినియం రెక్కలు తొడుక్కొని, పాత పలకలాగే గాలి మార్గంలో కూర్చుంటుంది.