కోడి పెంటకూ ఒక చరిత్ర ఉంది

కోళ్ల గూడు ఊడ్చిన పెంటని పారేసి, యూరియా బస్తా కోసం అప్పు చేస్తున్నాం. పక్షి రెట్ట విలువ పెరూ దేశపు మూలవాసులకి ఎప్పుడో తెలుసు. చించా దీవుల్లో పేరుకున్న సముద్ర పక్షుల రెట్టే వాళ్ల పొలాలకి ఎరువు. 1840ల నుంచి యూరప్ వ్యాపారులు దాన్ని ఓడలకొద్దీ తవ్వుకుపోయారు. 1864లో స్పెయిన్ ఆ దీవుల్నే ఆక్రమించింది.

ఓడలెక్కిన ఆ నత్రజని, భాస్వరం మన కోడి పెంటలోనూ ఉన్నాయి. కాకపోతే పచ్చి పెంట వేస్తే మొక్క మాడిపోద్ది. ఎండాకులు కలిపి కుప్పేసి, కొన్ని నెలలు మాగనిచ్చి, వాసన పోయాకే బీర, చిక్కుడు పాదులకి వేద్దాం.

మన అవ్వాతాతలు పెరటికి ఏం వేసేవారో అడిగి రాసిపెట్టుకుందాం. అదీ మన చరిత్రే.