కుంట నుంచి డిమ్రాపాల్ దాకా

ఇంకా తెల్లారలేదు. కుంట బస్టాండులో తెలుగు, కోయ, హిందీ కలగలిసి వినబడుతున్నాయి. జగదల్‌పూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు మీరు. పక్కసీటు పెద్దమ్మ ఒళ్లో నీళ్ల సీసా ఉంది. మూత తియ్యలేదు.

"తాగితే మధ్యలో ఆపమనాలి. ఎవరాపుతారు బిడ్డా?"

ఎర్రబోరు, దోర్నపాల్ దాటాయి. ఆమె మాటలు ఆగిపోయాయి. కాళ్లు దగ్గరికి చేర్చి ముందు సీటు కడ్డీ బిగించి పట్టుకుంది. సుక్మాలో బస్సు నిలవకముందే దిగింది. తిరిగొచ్చి మీ చెవిలో చెప్పింది: "రెండు చుక్కలే. అయినా ఆగదు. రాత్రి నాలుగుసార్లు లేస్తా. కోడలికెట్ల చెప్పను?"

దర్భా ఘాట్ మలుపులు దాటి, జగదల్‌పూర్ శివార్లలోని డిమ్రాపాల్‌లో మీరిద్దరూ దిగారు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి. డాక్టరమ్మ హిందీలో చెబుతోంది, మీరు తెలుగులో అందిస్తున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, షుగర్ లేదు. మూత్రసంచి నిండకముందే దాని కండరం బిగుసుకుంటోంది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది.

ఈ జబ్బుకు వాడి చూసిన షాక్‌వేవ్ యంత్రం గురించి అడిగారు మీరు. 1980లో మ్యూనిక్‌లో కిడ్నీ రాళ్లను పగలగొట్టిన తరంగాలే, బలం బాగా తగ్గించి వాడతారు. తైవాన్‌లోని కావోశుంగ్ వైద్యులు పొత్తికడుపు మీద జెల్ రాసి, సెకనుకు 3 చొప్పున 3,000 తరంగాలు పంపారు. సూది లేదు, కోత లేదు, 17 నిమిషాల పని. మూత్రానికి ఆత్రం, పదేపదే వెళ్లడం తగ్గాయి. కాకపోతే అవి చిన్న పరీక్షలు. పైగా వారానికొకసారి చొప్పున 8 వారాలు రావాలి.

మీరు మనసులో లెక్కేశారు. కుంట నుంచి ఇక్కడికి సుమారు 180 కిలోమీటర్లు. ఎనిమిది రాకపోకలంటే 2,900 కిలోమీటర్ల దాకా, అదీ దారంతా బిగబట్టుకుని. నొప్పి లేని వైద్యమంటే ఆ దారిని కూడా లెక్కలో వెయ్యాలి.

"ఇంటికాడ చేసుకునేది చెప్పు తల్లీ" అంది పెద్దమ్మ.

చెప్పింది డాక్టరమ్మ. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం. ఆత్రం రాగానే పరుగెత్తకుండా కాసేపు ఓర్చుకోవడం. టీ తగ్గించడం, నీళ్లు మానకపోవడం. వీటితో తగ్గకపోతే మాత్రలు. మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్లిందో రాసుకోవాలి. రాయడం రాకుంటే ఒక్కోసారికీ ఒక చింతగింజ డబ్బాలో వేసుకున్నా చాలు.

పెద్దమ్మ వెంటనే అడిగింది: "రాత్రివి వేరే డబ్బాలో వెయ్యాల్నా?"

వెయ్యాలి. డాక్టరమ్మకు ముందు కావలసింది ఆ లెక్కే.