టెట్రాసెల్మిస్

ఎక్కువగా సముద్రపు నీటిలో పెరిగే ఏకకణ ఆకుపచ్చ శైవలాల ప్రజాతి. నాలుగు కశాభాలతో ఈదుతుంది. రొయ్య, ఆల్చిప్ప పిల్లలకు మేతగా హేచరీలలో పెంచుతారు. స్టార్చ్ ఉత్పత్తికి పరిశోధకులు దీనిని పరిశీలిస్తున్నారు. సాగుభూమి, మంచినీరు అక్కర్లేకపోవడం దీని అనుకూలత.

నిల్వ: మొక్కల్లాగే స్టార్చ్‌ను హరితరేణువులోనే దాచుకుంటుంది. అయోడిన్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే పైరినాయిడ్ (హరితరేణువులోని ప్రోటీన్ ముద్ద) చుట్టూ నీలినలుపు తొడుగు కనిపిస్తుంది. డయాటమ్‌లలో (మరో రకం శైవలాలు) ఈ స్టార్చ్ తొడుగు ఉండదు. అవి క్రైసోలామినరిన్ నిల్వ చేస్తాయి.

సాగు: రెండు దశలు. మొదట నైట్రేట్, ఫాస్ఫేట్ సమృద్ధిగా ఇచ్చి కణాల సంఖ్య పెంచుతారు. తరువాత నత్రజని ఆపేస్తారు. ప్రోటీన్ల తయారీ, కణ విభజన మందగిస్తాయి. కిరణజన్య సంయోగక్రియ మాత్రం కొంతకాలం సాగి, ఆ కర్బనం స్టార్చ్‌గా పేరుకుంటుంది. గంధకాన్ని తగ్గించినా ఇదే ఫలితం. అయితే లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ (గంధకం ఉన్న లవణ రూపం) సహజంగానే ఉంటుంది కనుక ఆ పద్ధతికి కృత్రిమ ఉప్పునీరు కావాలి.

కోత: చీకటిలో కణాలు తమ స్టార్చ్‌నే ఖర్చు చేసుకుంటాయి కాబట్టి సాయంత్రపు కోత మేలు. కణాలు పలుచగా ఉన్న సాగు ద్రవం నుంచి నీటిని వేరుచేయడం ప్రధాన ఖర్చుల్లో ఒకటి.