తాడెవరిది?

మా నాన్న విశాఖ పోర్టులో టగ్గు మీద పనిచేసి రిటైరయ్యాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దారిలో ఎంత పెద్ద ఓడైనా సొంత బలంతో బెర్తుకు చేరదు. పైలట్ ఎక్కాలి, టగ్గులు పట్టుకోవాలి. ఏ ఓడకు ఎన్ని టగ్గులు, ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది అన్నది ఓడ రాకముందే కాగితం మీదికి ఎక్కేది. అలాంటి మనిషిని రెండేళ్ల కిందట అమెరికా రప్పించి, ట్రెయిలర్ తగిలించిన పికప్ ట్రక్కులో ఎక్కించుకుని అట్లాంటా నుంచి నాష్‌విల్ బయల్దేరాను.

టెనెసీలో మాంట్‌ఈగిల్ అని ఓ కొండ. మన అనంతగిరి ఘాటు మీద పెద్ద హైవే వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సగం ఎక్కాక పికప్ గేరుబాక్సు చేతులెత్తేసింది. నేను ఫోన్ తీసేలోపే నాన్న దిగి, ఓ రాయి తెచ్చి ట్రెయిలర్ చక్రం వెనక పెట్టి, చెట్టు కొమ్మలు విరిచి ముప్ఫై అడుగుల వెనక పరిచేశాడు. మన లారీల వాళ్లు చేసే పనే. నాకు మాత్రం ధీమా. ఏడేళ్లుగా చందా కడుతున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డు జేబులో ఉంది మరి.

గంటన్నరకి లాగుడు బండి వచ్చింది. డ్రైవరు పికప్‌ని పైకి ఎక్కించుకున్నాడు. వెనకున్న ట్రెయిలర్‌ని, అంటే మా ఇరవై నాలుగు అడుగుల చక్రాల ఇంటిని చూపించి, అది మీ కార్డులో లేదండీ అన్నాడు.

"మరి దీనికి తాడెవులిదిరా?" అన్నాడు నాన్న.

టగ్గు మనిషికి అది తాడు గురించిన ప్రశ్న కాదు. లాగే బాధ్యత ఎవరు తీసుకున్నారని. ఆ రాత్రి రెండో బండికి నేనే చేతి డబ్బు ఇచ్చుకున్నాను. కార్డులో రాసిందే వాళ్లు చేశారు, చదవనిది నేను. అసలు అందులో ఇల్లెందుకు లేదో తెలియాలంటే ఈ దేశపు రోడ్ల కథ కొంత తెలియాలి.

1902 మార్చి 4న షికాగోలో తొమ్మిది మోటారు క్లబ్బులు కలిసి ట్రిపుల్ ఏ అనే సంఘం పెట్టుకున్నాయి. అప్పటి సభ్యులు సుమారు 1,500 మంది. అప్పట్లో కారు డబ్బున్నవాడి సరదా. ఆగిపోతే గుర్రాన్ని కట్టి ఇంటికి లాక్కెళ్లేవారు. గుర్రమే కొనుక్కోవచ్చుగా అని దారినపోయేవాళ్లు నవ్వేవారు. 1915లో సెయింట్ లూయిస్ క్లబ్బు మోటార్ సైకిళ్ల మీద మెకానిక్కుల్ని పంపి, దారిలో ఆగిన సభ్యులకు సాయం చేయించడం మొదలుపెట్టింది. జేబులో కార్డు ఉంటే సాయం వస్తుందన్న ఆలోచన అక్కడ పుట్టింది.

మర్నాడు బండి రిపేరుకి ఇచ్చి ఖాళీగా ఉన్నాం. దగ్గర్లోని చాటనూగాలో లాగుడు బండ్ల మ్యూజియం ఉందంటే నాన్నని తీసుకెళ్లాను. 1916లో ఈ ఊళ్లో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గరాజు యజమాని, తెలిసినాయన ఫోర్డు కారు వాగులో పడితే తాళ్లతో, దిమ్మెలతో, అరడజను మంది మనుషులతో గంటల తరబడి లాగాడట. ఆ అవస్థ పడ్డాక తన 1913 నాటి కాడిలాక్ మీద మూడు స్తంభాలు నిలబెట్టి, కప్పీ, గొలుసూ బిగించాడు. ఇప్పుడు మనం రెక్కర్ అనే బండికి అదే మూలం. కప్పీ, గొలుసూ చూడగానే నాన్న ముఖం విప్పారింది. ఇంతేనా, అన్నాడు. ఓడ సరంజామాకి చక్రాలు పెట్టారంతే అని తేల్చేశాడు.

బయట ఓ గోడ మీద, రోడ్డు పక్కన సాయం చేస్తూ వేరే బండ్లు గుద్ది చనిపోయిన రెక్కర్ డ్రైవర్ల పేర్లున్నాయి. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. రోడ్డు పక్కన పనిచేసేవాళ్లని చూస్తే పక్క లేనుకి జరగాలన్న చట్టం 1996లో దక్షిణ కరోలినాలో మొదలై, 2012 నాటికి యాభై రాష్ట్రాలకూ పాకింది.

మళ్లీ కథలోకి వస్తే, 1919లో రెండు సంగతులు జరిగాయి. వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరిన సైనిక బండ్ల దండు 3,251 మైళ్లు వెళ్లడానికి 62 రోజులు పట్టింది. వంతెనలు విరిగాయి, బండ్లు బురదలో దిగబడ్డాయి. దిగబడినవాటిని లాగడానికి మిలిటర్ అనే ట్రాక్టరు వెంట నడిచింది. ఆ దండులో ఐసెన్‌హోవర్ అనే యువ అధికారి ఉన్నాడు. ఆయనే దేశాధ్యక్షుడై 1956లో 41,000 మైళ్ల హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు. మేం ఆగిపోయిన రోడ్డు ఆ సంతకం పుణ్యమే.

అదే 1919లో ఫ్లోరిడాలోని టాంపా పార్కులో, కార్ల వెనక గుడారాలూ డబ్బా తిండీ కట్టుకుని తిరిగేవాళ్లు ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అని సంఘం కట్టారు. రేడియేటర్ మూతకి రేకు డబ్బా అతికించుకుంటే మనవాడని గుర్తు. దారిలో అలాంటివాడు ఆగితే ఆగి సాయం చేయాలి. చక్రాల ఇళ్లవాళ్ల సాయానికి కార్డు లేదు, చందా లేదు, రేకు డబ్బానే హామీ.

1966లో ట్రెయిలర్ పత్రికకి ఓ పాఠకుడు, సాయం చేయడానికి సిద్ధమని చెప్పే స్టిక్కరు ఇవ్వండని రాస్తే, దాని నుంచి ‘గుడ్ శామ్ క్లబ్’ పుట్టింది. ఆ ఏడే మన ఊళ్లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధులు మోగాయి. నాన్నకి అప్పుడు పద్నాలుగేళ్లు. తర్వాత ఆ స్టిక్కర్ల స్నేహమూ వ్యాపారమైంది. చందాలు, ప్లానులు వచ్చాయి.

ఈ రోడ్డు అందరికీ ఒకేలా తెరుచుకోలేదన్నది కూడా చెప్పాలి. నల్లజాతివాళ్లకి గదీ, భోజనమూ, మెకానిక్కూ దొరికే చోట్లు చెప్పే పుస్తకం ఒకటి హార్లెంలో ఉండే పోస్ట్‌మ్యాన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టాడు. ‘గ్రీన్ బుక్’ అనేవారు. ఎవరికి తాడు అందుతుందో తెలియని దేశంలో అది బతికించే జాబితా.

మొత్తానికి కారుకు క్లబ్బు పుట్టింది, ఇంటికి స్నేహం పుట్టింది. రెండూ వేర్వేరు దారుల్లో పెరిగాయి కాబట్టేనేమో, మామూలు కార్డులో సాధారణంగా ట్రెయిలర్ ఉండదు. దానికి వేరే ప్లాను కొనాలి.

కొనేటప్పుడు ఏం చూడాలో నాకు ఆ కొండే నేర్పింది. కవరు మనిషి పేరు మీదా, బండి పేరు మీదా? లాగే బండీ, లాగించుకునే ఇల్లూ రెండూ ఉన్నాయా? బస్సంత మోటారు హోమ్ అయితే మామూలు రెక్కర్ చాలదు, పెద్ద రెక్కర్ రావాలి. దాని ఖర్చూ కలిసిందా? ఎన్ని మైళ్ల వరకు? దగ్గరి షాపు అంటే ఏదో ఒక షాపు కాదు, ఆ సైజు బండిని బాగుచేయగల షాపు అని రాసుందా? తారు రోడ్డు దిగి అడవిలో మట్టిదారిలో ఇరుక్కుంటే వస్తారా? ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చు? డబ్బు వాళ్లే కడతారా, మనం కట్టి బిల్లు పంపాలా? ఇంకోటి, టైరు మారుస్తాం అంటారు కానీ టైరు మనదే ఉండాలి. ఇక్కడ చాలా మోటారు హోములకి స్టెప్నీ ఉండదు. ఆ మాటే ఇక్కడివాళ్లకి తెలియదు. వేల్స్‌లో స్టెప్నీ వీధిలో 1904లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన అదనపు చక్రం అది. పేరు మాత్రం మన గాజువాక మెకానిక్కుల నోట్లో బతికుంది.

మన దగ్గర టోల్ రోడ్ల మీద 1033కి ఫోన్ చేస్తే క్రేను, అంబులెన్సు వస్తాయి. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలుపుకోవచ్చు. అయినా కంచరపాలెంలో స్కూటర్ ఆగితే ముందు వచ్చేది పక్క టీకొట్టు వాడే. ఇక్కడ ఆ టీకొట్టు లేదు. దాని బదులు కాగితం ఉంది. కాగితం చెడ్డది కాదు, చదివినవాడికి.

ఈసారి కొత్త ప్లాను తీసుకుని, నియమాలన్నీ తెలుగులో చెబుతూ వీడియో కాల్‌లో నాన్నకి వినిపించాను. ఓడ రాకముందు కాగితం చూసే అలవాటు పోలేదు, మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నాడు.

"ట్రక్కునీ లాగుతారు, ఇంటినీ లాగుతారు. బాగుంది," అన్నాడు. "లాగుతుంటే ఇంట్లో మనుషులు కూకోకూడదు అన్నావు. ఆ రెక్కర్ ముందు సీట్లో ఇద్దరు పడతారు. మరి మీరు నలుగురూ ఎందులో వస్తారు?"

నేను కాగితం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.