ప్రత్యేక పాఠశాలల్లో వాక్, భాషా చికిత్స

మాటలు రాని, ఆలస్యంగా వస్తున్న, లేదా ఉచ్చారణ స్పష్టంగా లేని పిల్లలకు భావవ్యక్తీకరణ నేర్పే శాస్త్రీయ విధానమే వాక్, భాషా చికిత్స. దీనిని వాడుకలో స్పీచ్ థెరపీ అంటారు. వినికిడి లోపం, ఆటిజం, మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, అంగిలి చీలిక గల పిల్లలకు ఇది ముఖ్యంగా అవసరమవుతుంది.

వాక్కు, భాష

వాక్కు అనగా ధ్వనులను పలకడం. భాష అనగా మాటలను గ్రహించి, కూర్చి భావం తెలపడం. "కాకి"ని "తాతి" అనే బిడ్డకు భాష ఉన్నది, ఉచ్చారణలో మాత్రమే తేడా ఉన్నది. చెప్పిన చిన్న పనిని కూడా గ్రహించలేని బిడ్డ సమస్య వేరు. రకారం ఆలస్యంగా పట్టుబడే ధ్వని కనుక మూడేళ్ల పిల్లలు "రాముడు"ను "లాముడు" అనడం దోషం కాదు.

పరీక్ష

చికిత్సకు ముందుగా వినికిడిని పరీక్షిస్తారు. లోపమున్నచో శ్రవణ యంత్రం లేదా కాక్లియర్ ఇంప్లాంట్ అమరుస్తారు. అయితే వినపడినంత మాత్రాన మాటలు రావు; విన్నదానికి అర్థం తెలియడానికి దీర్ఘకాల శిక్షణ కావాలి.

శిక్షణా విధానం

చికిత్సకులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి పనిచేస్తారు. నేర్చిన మాటను ఆటలో, భోజన సమయంలో మరల మరల వాడిస్తారు. బిడ్డ "బంతి" అన్నప్పుడు "ఎర్ర బంతి" అని పొడిగిస్తారు. ప్రశ్నించిన పిమ్మట జవాబుకు కొన్ని క్షణాలు వేచి ఉంటారు. మాట రానివారికి బొమ్మల కార్డులు, సైగలు నేర్పుతారు. వీటివల్ల మాటలు రాకుండా పోతాయనుట అపోహ. అలాగే బూరలు ఊదించుట వంటి నోటి వ్యాయామాలతోనే ఉచ్చారణ బాగుపడుతుందనడానికి తగిన ఆధారాలు లేవు.

భారతదేశంలో

మైసూరులోని అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ 1965లో స్థాపించబడింది. దాని పూర్వ ప్రాథమిక విభాగంలో తల్లులకు కూడా శిక్షణ ఇస్తారు. చెన్నైలో చిన్నవయసు బధిర బాలల కొరకు బాల విద్యాలయ 1969లో ఆరంభమైనది. 1983లో ముంబైలో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. భారత పునరావాస మండలి చట్టం (1992) ప్రకారం చికిత్సకులు మండలిలో నమోదై ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్, భాషా వైకల్యం ఒకటి.

ఆలస్యం వలన నష్టం

"మేనమామకూ మాటలు ఆలస్యమే" అని పలు కుటుంబాలు వేచి ఉంటాయి. కొందరు పిల్లలు తమంతట తామే అందుకొనుట నిజమే గానీ, ఎవరు అందుకొంటారో ముందుగా చెప్పలేము. భాష అలవడటానికి తొలి సంవత్సరాలు అత్యంత కీలకం. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి పలకకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా, వెంటనే పరీక్ష చేయించడం అవసరం.